శక్తి వచ్చింది సరే, బాకీ ఎవరికి? మాయాకొలువు ప్రేమకథల రెండో భాగం విప్పి చూస్తే

మనిషి పిల్లను మాయాలోకపు కొలువుకు ఎత్తుకుపోయే ప్రేమకథల్లో, మొదటి భాగం చివర్లో ఆ పిల్లకు శక్తి వస్తుంది. నిన్నటిదాకా ఆమెను పురుగులా చూసిన కొలువంతా లేచి నిలబడుతుంది. ఆమెను తెచ్చి బంధించినవాడే ఆమె ముందు తల వంచుతాడు. చదివినవాళ్లు రెండో భాగం ఎప్పుడని అడుగుతారు. తీరా రెండో భాగం మొదలయ్యాక నాలుగో, అయిదో ఎపిసోడ్‌కు కథ కాళ్లీడుస్తుంది. కారణం రాసేవాళ్ల బద్ధకం అనుకుంటారు గానీ కాదు. మొదటి భాగాన్ని నడిపింది ఆమె నిస్సహాయత. ఇప్పుడు అది పోయింది, దాని చోట ఏం పెట్టాలో ఎవరూ ముందుగా అనుకోలేదు. పెట్టాల్సింది కొత్త శత్రువును కాదు, బాకీని.

అదెలాగో తెలియాలంటే ఈ కొలువుల చట్టం తెలియాలి.

ఇంగ్లిష్‌లో 'ఫే' అని రాసేవాళ్లను చాలామంది దేవకన్యలు అని తెలుగు చేస్తారు. అక్కడే సగం కథ పాడవుతుంది. స్కాట్లండ్, ఐర్లండ్ జానపదంలో వీళ్లు రెక్కల బొమ్మలు కారు. మట్టిదిబ్బల కింద ఉండే ఇరుగుపొరుగు. మంచి చేస్తే పట్టుకుంటారు, చెడు చేస్తే అసలే వదలరు. స్కాట్లండ్‌లో వీళ్లను రెండు జట్లుగా చెప్పుకున్నారు: సీలీ, అన్‌సీలీ. మొదటిది శుభం కోరే గుంపు, రెండోది కీడు చేసే గుంపు. ఇప్పటి నవలల్లో ఎండాకాలం కొలువు, చలికాలం కొలువు అని కనిపించే విభజనలకు వేరు అక్కడే ఉంది. వాళ్ల తలుపులు ఎప్పుడంటే అప్పుడు తెరుచుకోవు. అక్టోబర్ 31 రాత్రి, మే 1 లాంటి సంధికాలాలు ముఖ్యం. తామ్ లిన్ అనే పాత స్కాటిష్ గేయంలో ఈ కొలువు ఏడేళ్లకోసారి నరకానికి ఒక ప్రాణాన్ని కప్పంగా కట్టాలి. ఈసారి ఆ వంతు తనకు పడుతుందేమోనని అందులో బందీగా ఉన్నవాడి భయం. అంటే ప్రేమకథ మధ్యలో పన్ను బకాయి ఉంది. కొత్తగా రాసేవాళ్లు వదిలేసేది సరిగ్గా దీన్నే.

మన దగ్గర దగ్గరి మాట యక్షులు, ఇకపై అదే వాడదాం. సొమ్ము కాపలా కాస్తారు, చెరువు గట్టున ప్రశ్నలు అడుగుతారు, జవాబు చెప్పకుండా నీళ్లు తాగితే ప్రాణం తీస్తారు. గంధర్వులంటే పాట, అందం గుర్తొస్తాయి గానీ షరతు గుర్తురాదు. ఈ కథలకు షరతే ప్రాణం.

ఆ షరతులేవీ దక్షిణ తెలంగాణ పాఠకుడికి కొత్తవి కావు. ఇనుము అంటే ఈ కొలువువాళ్లకు పడదు. బాలింత మంచం కింద కొడవలి పెట్టిన ఇంటికి ఈ ముక్క వివరించనక్కర్లేదు. అసలు పేరు తెలిస్తే మనిషి చేతికి చిక్కినట్టే. కాగితంలో పేరు ఒక్క అక్షరం తప్పుపడితే భూమి ఏమవుతుందో పాలమూరు రైతుకు ఇంకా బాగా తెలుసు. వాళ్ల అన్నం తింటే తిరిగి రాలేరు. ఇది వినగానే కూలీలను దూరపు పనులకు తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ గుర్తుకు రావాలి. డబ్బు చేతిలో పడ్డ క్షణం నుంచి, ఏ ఊళ్లో ఏ డ్యామ్ కింద ఎన్ని నెలలు పనిచేయాలో మేస్త్రీ చెప్పినట్టే. నిజాం కాలపు భగేలా ఇంకా ముదురు: అప్పు కింద మనిషే కుదువ, ఒప్పందం పెద్దమనిషి చేతిలో, లెక్క కూడా ఆయన చేతిలోనే. మాయాలోకంలో ఏడేళ్ల ఊడిగాన్ని ఇలా రాస్తే చదివేవాడి కడుపులో తిప్పుతుంది. వెండి పళ్లెంలో మెరిసే పండు అని రాస్తే అట్ట మీది బొమ్మలా ఉంటుంది, అంతే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన షరతు: వాళ్లు అబద్ధం చెప్పలేరు, మాట తప్పలేరు. ఇప్పటి నవలల్లో ఇది దాదాపు రాజ్యాంగం. థామస్ అనే కవి గురించిన మరో స్కాటిష్ గేయంలో మాత్రం ఇది తిరగబడి ఉంది. మాయారాణి అతనికి బహుమతిగా అబద్ధమాడలేని నాలుక ఇస్తుంది, అంటే ఆ గుణం మనిషికి అంటింది. ఈ చిన్న తిరకాసు రెండో భాగానికి బంగారంలా పనికొస్తుంది. దాన్ని కాసేపట్లో వాడుకుందాం.

మాటకు కట్టుబడే దయ్యం కథ మనకూ ఉంది. 1990ల్లో ఊరూరా తలుపుల మీద రాసిన 'ఓ స్త్రీ రేపు రా' ఏమిటి మరి? వచ్చినావిడ చదువుతుంది, రేపు రమ్మన్నారు గనుక వెళ్లిపోతుంది, మర్నాడూ అదే రాత ఉంటుంది. నాలుగు మాటలతో వేసిన ఒప్పందపు ఉచ్చు అది, పైగా సుద్దముక్కతో.

అబద్ధం లేని చోట మోసం ఎలా

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు దీనికోసం వాక్యాలను నానా వంకరలు తిప్పాలి. తెలుగులో ఆ పనిముట్లు భాషలోనే ఉన్నాయి. అయినా మనవాళ్లు అనువాదం వాసన వేసే సంభాషణలు రాస్తారు, అదే విచారం.

మొదటిది 'అట'. "ప్రభువులవారు కోలుకున్నారట" అన్న మంత్రి అబద్ధమాడలేదు. ఎవరో అనగా విన్నాడు, అంతే. అయితే ఎవరో ఒకరు నిజంగా అని ఉండాలి కదా. యక్షులెవరూ అనలేరు. కాబట్టి కొలువులో అబద్ధం చెప్పగల నోరు ఒకటి కావాలి, అంటే మనిషి. పొద్దున్నే ఆ మనిషి చేత నాలుగు ముక్కలు అనిపిస్తే చాలు, సాయంత్రానికి అవి 'అట' తగిలించుకుని కొలువంతా తిరుగుతాయి. మనిషిని ఎత్తుకుపోవడానికి అందం, విధి లాంటి కారణాలకంటే ఇది గట్టి కారణం. ఆమెకు ఒక ఉద్యోగం ఉంది, ఆ ఉద్యోగానికి గిరాకీ ఉంది.

రెండోది 'మనం', 'మేము'. "ఈ యుద్ధంలో మమ్మల్ని నిలబెట్టుకుంటాను" అంటే విన్నవాళ్లు లెక్కలో లేరు. "మనల్ని" అంటే ఉన్నారు. మంత్రి మూడు ఎపిసోడ్లపాటు మనం, మనం అని, నాలుగో దాంట్లో ఎవరూ గమనించకుండా మేములోకి జారితే పక్షం మారినట్టే. పాఠకుడు వెనక్కి వెళ్లి చూసుకుంటే దొరకాలి.

మూడోది క్రియ. "నీ జోలికి రాను" అన్న మాట ప్రమాణమా, అలవాటు చెప్పడమా? తెలుగులో రెండిటికీ ఒకటే రూపం. "నేను పాలు తాగను" లాంటిదే అనుకుని అన్నానని రేపు తప్పించుకోవచ్చు. ఈ సందును పుస్తకం మొత్తంలో ఒక్కసారే వాడాలి. రెండోసారికి పాఠకుడు తెలివిమీరిపోతాడు.

నాలుగోది 'వస్తా'. ఇల్లు దాటేవాళ్లెవరూ పోతానని అనరు, అనకూడదు. వస్త, పోయొస్త అంటారు. మనకు అది మర్యాద. మాటను మాటగానే తీసుకునే కొలువులో అది తిరిగొస్తానని చేసిన ప్రమాణం. మొదటి భాగంలో తప్పించుకుని బయటపడ్డ పిల్ల గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ "వస్తా" అంటే చాలు, రెండో భాగానికి తలుపు తెరిచినట్టే. వెతుక్కుంటూ సైన్యం రానక్కర్లేదు.

కొలువు కట్టడం

కొలువు రాజకీయం అనగానే పదకొండు వంశాలు, ఇరవై పేర్లు పెట్టి మొదటి పేజీలో పటం వేస్తారు. ఫోన్‌లో చదివేవాడికి మూడు పక్షాలకు మించి గుర్తుండవు. మూడు చాలు, అయితే మూడింటి మధ్యా చుట్టరికం ఉండాలి.

నమూనా కావాలంటే దూరం పోనక్కర్లేదు. 1323లో కాకతీయ రాజ్యం కూలాక ఈ ప్రాంతంలో తలెత్తిన రేచర్ల పద్మనాయకులను చూడండి. అన్నదమ్ముల్లో అనపోత నాయకుడిది రాచకొండ, మాదా నాయకుడిది దేవరకొండ. ఒకే రక్తం, రెండు కోటలు. చుట్టూ బహమనీలు, విజయనగరం, కొండవీటి రెడ్లు. ఎవరితో స్నేహం చేసినా ఇంకొకరికి కోపం. వెలుగు కొలువు, చీకటి కొలువు అని మంచి చెడు పంచేకంటే అన్న కొలువు, తమ్ముడి కొలువు అని పెడితే, ప్రతి కుట్ర వెనకా ఒక పండగ భోజనం జ్ఞాపకం ఉంటుంది.

వారసత్వపు చిక్కులకు సంస్థానాలు ఉన్నాయి: గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట. లోపల రాజు రాజే, పైన నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టాలి. కొడుకు లేకపోతే దత్తత, ఆ దత్తతకు పై ఆమోదం. భర్త పోయాక రాణులే పాలించిన సందర్భాలున్నాయి. గద్వాల చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. నిండు కొలువులో కత్తి దూసే సన్నివేశం కంటే, దత్తత ఆమోదపు ఉత్తరం దారిలో ఆగిపోయిందన్న కబురు ఎక్కువ వణికిస్తుంది. పైగా ఆ సంస్థానాలకు కవులు, పండితులు సన్మానాల కోసం వచ్చేవాళ్లు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు అలా వచ్చిందే. బయటివాడు లోపలికి అనుమానం లేకుండా రావాలంటే అంతకన్నా మంచి వేషం లేదు.

కొలువులో ప్రతి మనిషికి మూడు గళ్ల చీటీ రాసుకోవాలి: పైకి అడిగేది, లోపల కోరేది, నోటితో అనలేనిది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పాత్రను తీసేయొచ్చు. అబద్ధం చెప్పలేని లోకంలో ఎవరు ఏ మాట అనకుండా తప్పుకుంటున్నారన్నదే ఆధారం గనుక, ఆ గడి లేని పాత్ర గోడకు వేలాడే చిత్తరువు.

తలుపు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే; మిగతా ఏడాది అడవి అడవిదే. ఇంకో రకం తలుపు కావాలంటే సోమశిల ఎదురుగా కృష్ణలో సప్తనదీ సంగమేశ్వరం ఉంది. శ్రీశైలం జలాశయం నిండుగా, అంటే 885 అడుగుల దగ్గర ఉన్నప్పుడు గుడి నీళ్లలో ఉంటుంది. నీరు బాగా దిగాకే బయటపడుతుంది. చంద్రుడికి బదులు జలాశయం మట్టాన్ని బట్టి తెరుచుకునే ద్వారం! గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలిసిన ఇంజినీరు ఆ కొలువుకు జ్యోతిష్కుడవుతాడు. రాసేవాళ్లు ఎందుకో ఇలాంటివి వదిలి మంచుకొండలు పట్టుకుంటారు.

శక్తిని లెక్కలో పెట్టడం

తెలంగాణలో మనిషిలోకి శక్తి రావడం అనేది ఊహ కాదు, జాతరలో కళ్లెదుట కనిపించేది. ఒంటిమీదికి దేవత వచ్చి శివమూగుతున్న శివసత్తిని చూసినవాళ్లెవరూ ముందుగా "నీకేం చేతనవును" అని అడగరు. "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలె నీకు?" అంటారు. వచ్చిన శక్తికి ఒక పేరు, ఒక కోరిక, తీరకపోతే ఒక కోపం ఉంటాయి. కొత్త శక్తి గురించి రాసే చోట ఈ రెండు ప్రశ్నలు పెడితే సగం తప్పులు పోతాయి. అరచేతిలో నీలిమంట వెలిగింది అని రాస్తే ఏ ప్రశ్నా పుట్టదు.

ఒక నమూనా కథ తీసుకుని లెక్క కడదాం. నల్గొండ పక్కన పానగల్లు. అక్కడ కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం, మూడు గర్భాలయాల త్రికూటం. ఒక గర్భాలయంలో లింగం వెనక స్తంభంలా పడే నీడ పగలంతా అక్కడే ఉంటుంది, సూర్యుడు జరిగినా జరగదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. పలు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుతురును స్తంభాల అమరిక అలా మలుస్తుంది. శ్రావణి అనే పిల్ల తండ్రి బాకీ కింద ఛాయా కొలువులో చేరింది. ఆమె పని, పైన చెప్పిన అబద్ధపు నోరు. మొదటి భాగం చివర ఆమెకు వచ్చిన శక్తి: ఎవరి నీడను ఆపితే వాళ్లు ఆగిపోతారు.

దీన్ని ఇలాగే వదిలేస్తే రెండో భాగం మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోతుంది. రాజును ఆపేస్తే సరి. అందుకే కళ్లాలు. గుడిలో నీడ ఒక్క వెలుగు వల్ల పడేది కాదు గనుక ఆమె శక్తికి కనీసం రెండు వైపుల నుంచి వెలుతురు కావాలి. ఒంటి దీపం గదిలో ఆమె మామూలు మనిషి. ఆపడం ఆమె ఊపిరి బిగపట్టినంత సేపే. ఇక ధర: శక్తి వచ్చిన రోజు నుంచి ఆమె నాలుకకు అబద్ధం రాదు. అంటే కొలువులో ఆమె ఉద్యోగం పోయింది. అన్నిటికన్నా పదునైన షరతు చివరిది. ఆమె ఎవరిని ఆపితే వాళ్లకు ఆమె ఒక ప్రశ్న బాకీ. వాళ్లు ఎప్పుడు అడిగినా ఆమె నిజం చెప్పాలి.

ఇప్పుడు చూడండి, కథ దానంతటదే నడుస్తుంది. శక్తి వాడిన ప్రతిసారీ శత్రువు చేతికి ఒక ప్రశ్న వెళుతోంది. ఈ సంగతి పసిగట్టిన ముసలి మంత్రి ఏం చేస్తాడు? కావాలని ఆమె మీదికి కత్తి విసురుతాడు. ఆమె ఆపుతుంది. ఆయన నవ్వుతూ పక్కకు తప్పుకుంటాడు, ప్రశ్న సంపాదించుకున్నాడు. ఆమె ఒకసారి ప్రాణం కాపాడడానికి ప్రేమించిన యక్షుడినే ఆపాల్సి వస్తుంది. అతని దగ్గరా ఒక ప్రశ్న ఉంది. అతను అడగడు.

నలభై ఎపిసోడ్ల కథలో ఈ శక్తిని ఆరుసార్లకు మించి వాడకూడదు. అందులో రెండుసార్లు విఫలం కావాలి. ఒకటి వెలుతురు లేక, ఒకటి ఆమె తొందరపడి. విఫలమైతే ఎవరూ ఆగరు గనుక బాకీ పడదు. మిగిలినవి నాలుగు ప్రశ్నలు. రెండు ఈ భాగంలోనే తీరాలి, ఒకటి మూడో భాగానికి దాచాలి, ఒకటి యక్షుడిది. ఇవి నోట్‌బుక్ చివరి పేజీలో గీత గీసి రాసుకోవాలి: ఎవరిని ఆపింది, ఏ ఎపిసోడ్, ఎవరు చూశారు, ప్రశ్న తీరిందా. 'ఎవరు చూశారు' అన్న గడిని చాలామంది మరిచిపోతారు. పదిహేనో ఎపిసోడ్‌లో కొలువంతా చూసిన శక్తి గురించి ఇరవై రెండో దాంట్లో సేనాపతి ఆశ్చర్యపోతుంటాడు. ఎపిసోడ్ల వారీగా చదివేవాళ్లు ఇది వెంటనే పట్టుకుంటారు, వ్యాఖ్యల్లో మర్యాద కూడా ఉండదు.

ప్రేమ ఎక్కడ

ఈ విషయంలో మన రాచకొండ నుంచే ఒక పాఠ్యపుస్తకం ఉంది. అనపోత నాయకుడి కొడుకు, సర్వజ్ఞ బిరుదున్న సింగభూపాలుడు 14వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన రసార్ణవసుధాకరం. కొండల మధ్య కోటలో యుద్ధాలు చేసుకుంటూ ఒక రాజు విరహాన్ని వర్గీకరించాడు. విప్రలంభం, అంటే ఆ విరహం, నాలుగు రకాలు: పూర్వానురాగం, మానం, ప్రవాసం, కరుణ. మొదటి భాగం పూర్వానురాగం. ఇద్దరికీ తెలుసు, ఒప్పుకోరు. రెండో భాగం రాసేవాళ్లలో ఎక్కువమంది నేరుగా ప్రవాసానికి దూకుతారు. నాయకుణ్ణి ఎత్తుకుపోతారు, లేదా జ్ఞాపకశక్తి తీసేస్తారు. ఇరవై ఎపిసోడ్లు ఇద్దరూ ఒక చోట ఉండరు. ప్రేమకథలో ప్రేమికులు కలవకపోతే మిగిలేది కొలువు వార్తలే.

రెండో భాగానికి సరైనది మానం. ఒకే కొలువులో, ఒకే పంక్తిలో, అలిగి కూర్చోవడం. అలంకారశాస్త్రం మానం తీర్చడానికి ఆరు ఉపాయాలు చెప్పింది: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. రాజనీతిలోని సామ, దాన, భేద, దండాల పక్కన పెట్టి చూడండి. మొదటి మూడూ రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. దండం మాత్రం ప్రేమలో లేదు, దాని చోట నతి వచ్చింది, అంటే వంగడం. కొలువు ప్రేమకథ కీలు ఇదే. యక్షుడు శ్రావణికి పంపిన నగ దానమా, లంచమా? ఆమె చెలికత్తెను తన వైపు తిప్పుకోవడం మానం తీర్చే భేదమా, గూఢచారమా? ఒకే పనికి రెండు అర్థాలు. ఏది నిజమో శ్రావణికీ తెలియదు, పాఠకుడికీ తెలియదు. కుట్ర ఒక ఎపిసోడ్, ప్రేమ ఒక ఎపిసోడ్ అని వంతులేసి రాస్తే అతుకు కనిపిస్తుంది. గద్వాల చీరలో ఒంటి నూలు, అంచు పట్టు మగ్గం మీదనే కలుస్తాయి, తర్వాత కుట్టినవి కావు. ఇదీ అలా కలవాలి.

మానానికి కారణం కూడా శక్తి లెక్కలోంచే రావాలి. యక్షుడు తన ప్రశ్న అడగడు. మొదట అది గౌరవంలా ఉంటుంది. పదో ఎపిసోడ్ నాటికి అనుమానం మొదలవుతుంది: దాచుకుంటున్నాడా, అవసరానికి వాడదామనా? ఆమె అడగమంటుంది. అతను అడగనంటాడు. అబద్ధం చెప్పలేని ఇద్దరు పోట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. మామూలు ప్రేమికులు "ఏం లేదులే" అని తప్పించుకునే చోట వీళ్లకు ఆ వెసులుబాటు లేదు. మౌనం ఒక్కటే మిగులుతుంది, అదే ఉపేక్ష.

పిలుపులు జాగ్రత్త. శక్తి వచ్చాక కొలువు ఆమెను మీరు అనడం మొదలుపెడుతుంది. అతను మాత్రం నువ్వు అనే అంటే సన్నిహితం, నలుగురిలోనూ అంటే అవమానం. ఎక్కడ మారుస్తున్నారో గుర్తుపెట్టుకోవాలి. శ్రావణి మాటల్లో నల్గొండ యాస ఉండాలి. అయితే ప్రతి వాక్యంలో గట్ల, గిట్ల దూర్చితే వేళాకోళం అవుతుంది. కోపంలో, భయంలో, నిద్రలేచిన మొదటి మాటలో వస్తే చాలు. కొలువువాళ్లకు గ్రాంథికం పెట్టొద్దు, పౌరాణిక నాటకం అయిపోతుంది. పూర్తి వాక్యాలు, తక్కువ మాటలు, ఎదురు ప్రశ్నలు, ఇంతే వాళ్ల భాష.

కొలతలు చివరగా. ఎపిసోడ్ 1,200 నుంచి 1,500 మాటలు. వెనకటి కథ గుర్తుచేయడానికి 150 మాటలకు మించొద్దు, అదీ ఎవరో ఒప్పందం చదివి వినిపిస్తున్నట్టు రావాలి. ఎనిమిదో ఎపిసోడ్‌లోపు మొదటి ప్రశ్న తీరాలి, లేకపోతే బాకీ ఉత్తుత్తిదనుకుంటారు. ఇరవైకి ముసలి మంత్రి ప్రశ్న, అది ఆమె తండ్రి బాకీ గురించి అయితే మేలు. ముప్పై రెండు దగ్గర యక్షుడు నోరు తెరవాలి. అతను అడిగేది కొలువుకు పనికిరాని ప్రశ్న కావాలి, ఆమెకు ఏం తినాలని ఉందో అడిగినా సరే. కష్టపడి దాచుకున్న ఆయుధాన్ని అలా పారేయడమే నతి. కాళ్ల మీద పడే సన్నివేశం రాయనక్కర్లేదు.

ముగింపు గుమ్మం దగ్గరే. మొదటి భాగంలో ఆమె అలవాటుగా అన్న మాట అక్కడే ఉంది. ఇప్పుడు ఆమె నాలుకకు అబద్ధం రాదు, కొలువంతా వింటోంది, దాచిన ప్రశ్న ఇంకా ఒకరి దగ్గర ఉంది. అతను గుమ్మానికి అవతల నిలబడి ఉంటాడు. ఆమె చెప్పులేసుకుంటుంది. పానగల్లులో ఏ ఇంట్లోనూ గుమ్మం దాటుతూ ఎవరూ అనని మాట అంటుంది: "పోతున్న."